పాఠం 14 : పాత కారుకు పెద్ద చక్రం

ఈ పాఠం చదివిన తరవాత మీరు టైరు పక్కగోడ మీద ఉన్న అంకెలను చదవగలుగుతారు. ఆ అంకెలతో చక్రం వ్యాసాన్ని, చుట్టుకొలతను లెక్కకట్టగలుగుతారు. "పెద్ద చక్రాలు వేయించుకో" అని ఎవరైనా అంటే, వేయించుకోవాలో వద్దో మీ అంతట మీరే తేల్చుకోగలుగుతారు.

కాగితం, పెన్సిలు, కొలత టేపు, ఒక సుద్దముక్క దగ్గర పెట్టుకోండి. ఇది చదివి పక్కన పెట్టే పాఠం కాదు. మధ్యలో లెక్కలున్నాయి. వాటిని మీరు చేసి చూసుకున్నాకే ముందుకు వెళ్ళండి.

14.1 హిజ్లీలో ఒక టైర్ల దుకాణం

పశ్చిమ బెంగాల్‌లో ఖరగ్‌పూర్‌ను ఆనుకుని హిజ్లీ ఉంది. 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ రాజకీయ ఖైదీల కోసం నిర్బంధ శిబిరం పెట్టింది. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలో కాల్పులు జరిగి ఇద్దరు ఖైదీలు చనిపోయారు. 1951లో అదే భవనంలో దేశపు మొదటి ఐ.ఐ.టి. మొదలయింది. పక్కనే ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగపూర్ రైల్వే నెలకొల్పిన పెద్ద కార్ఖానా ఉంది. ఆ కార్ఖానా పనికోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. అందుకే గోల్‌బజారులో నిలబడితే బెంగాలీతో పాటు తెలుగూ చెవిన పడుతుంది.

ఈ కుటుంబాలు సొంతూరు వెళ్ళడమంటే ఒకప్పుడు రైలు ఎక్కడమే. ఇప్పుడు కొందరు కారులోనూ వెళుతున్నారు. కలకత్తా నుంచి చెన్నైకి పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఖరగ్‌పూర్, బాలాసోర్, భువనేశ్వర్, బరంపురం, ఇచ్ఛాపురం మీదుగా శ్రీకాకుళం చేరుతుంది. దూరం ఆరువందల కిలోమీటర్లకు పైమాటే.

మీరు అలాంటి కుటుంబంలోని వారే అనుకుందాం. పాత మారుతి 800 కొన్నారు. ఈ బండి 1983లో వచ్చింది, తయారీ 2014లో ఆగిపోయింది. బండి బాగానే ఉంది కాని టైర్లు అరిగిపోయాయి. పండక్కి ఊరు వెళ్ళేలోగా మార్చాలని దుకాణానికి వెళ్ళారు. అక్కడి కుర్రవాడు మీ ఊరి వైపు వాడే. ఇలా అన్నాడు:

"మావయ్యా, పన్నెండు తీసేసి పదమూడు వేయించేద్దాం. పాతవే గాని మంచి చక్రాలున్నాయి, చవగ్గా ఇప్పిస్తాను. బండి అంగుళం ఎత్తు పెరుగుతాది, వానాకాలం నీళ్ళలో భయముండదు. పైగా దర్జాగా ఉంటాది."

ఇందులో మూడు మాటలున్నాయి: చవక, ఎత్తు, దర్జా. దర్జా సంగతి మీ ఇష్టం, దానికి లెక్క లేదు. మిగిలిన రెండింటికీ లెక్క ఉంది. ఆ కుర్రవాడు మోసం చేస్తున్నాడని కాదు. అతను చక్రాన్ని ఒక వస్తువుగా చూస్తున్నాడు. కారు మాత్రం చక్రాన్ని కొలబద్దగా వాడుకుంటుంది. వేగం, దూరం, లాగే బలం, ఆగే బలం అన్నీ ఆ కొలబద్ద మీదే ఆధారపడి ఉంటాయి. కొలబద్ద పొడవు మారితే ఏమవుతుందో చూద్దాం.

14.2 టైరు మీద ఏం రాసి ఉంటుంది?

మారుతి 800 టైరు పక్కగోడ మీద 145/70 ఆర్ 12 అని ఉంటుంది. విడదీసి చదవండి.

145 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు. అయితే ఇది మిల్లీమీటర్లు కాదు, వెడల్పులో నూటికి డెబ్భై వంతులని అర్థం. చాలామంది తడబడేది ఇక్కడే. 'ఆర్' అంటే రేడియల్ టైరు. 12 అంటే లోపలి ఇనుప రిమ్ము వ్యాసం, ఇది మాత్రం అంగుళాల్లో. ఒకే వరసలో మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు! టైర్లవాళ్ళ పద్ధతి అలా స్థిరపడిపోయింది, మనం అలవాటు పడాలి.

దాని తరవాత 69 ఎస్ వంటి గుర్తు ఉంటుంది. 69 అనేది బరువుకు సంకేతం. ఆ టైరు 325 కిలోలు మోయగలదని అర్థం. 'ఎస్' అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు పనికివస్తుందని. మీ 800 ఆ వేగానికి ఏనాడూ పోదు గనక 'ఎస్' గురించి బెంగ వద్దు. బరువు అంకె మాత్రం ముఖ్యం. కొత్త టైరు మీద ఆ అంకె పాతదానికంటే తగ్గకూడదు.

ఇంకొక చోట, చిన్న గడిలో నాలుగు అంకెలుంటాయి. ఉదాహరణకు 2319. అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని. చవగ్గా వచ్చే పాత చక్రాలకు ముందుగా చూడవలసింది ఇదే. పైన గాళ్ళు ఎంత లోతుగా ఉన్నా, ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న రబ్బరు గట్టిపడి, సన్నని బీటలు తీస్తుంది. ఆరువందల కిలోమీటర్లు ఎండలో పరుగెత్తించడానికి అలాంటిది పనికిరాదు.

14.3 లెక్క

టైరుతో సహా చక్రం మొత్తం వ్యాసం కావాలి. రిమ్ము వ్యాసానికి పైన ఒక పక్కగోడ, కింద ఒక పక్కగోడ కలపాలి.

145/70 ఆర్ 12 టైరుకు:
పక్కగోడ = 145 × 70 ÷ 100 = 101.5 మి.మీ.
రెండు పక్కగోడలు = 203 మి.మీ.
రిమ్ము = 12 × 25.4 = 304.8 మి.మీ.
మొత్తం వ్యాసం = 507.8 మి.మీ.

చుట్టుకొలత కావాలంటే దీన్ని 3.14తో గుణించండి. సుమారు 1,594 మి.మీ. వస్తుంది. అంటే చక్రం ఒక్కసారి తిరిగితే బండి ఒక మీటరు 59 సెంటీమీటర్లు ముందుకు పోతుంది. కిలోమీటరు పోవడానికి దాదాపు 627 చుట్లు తిరగాలి.

ఇప్పుడు కుర్రవాడు చెప్పిన చక్రం. దాని మీద 145/70 ఆర్ 13 అని ఉందనుకుందాం. కింది జవాబు చూడకుండా మీరు చేయండి.

జవాబు: పక్కగోడలు రెండూ అవే 203. రిమ్ము 13 × 25.4 = 330.2. మొత్తం వ్యాసం 533.2 మి.మీ. చుట్టుకొలత సుమారు 1,674 మి.మీ. కిలోమీటరుకు 597 చుట్లు.

రెండు వ్యాసాలకు తేడా 25.4 మి.మీ. పాతదానితో పోలిస్తే సరిగ్గా నూటికి అయిదు. ఈ అయిదును గుర్తుంచుకోండి. పాఠం మిగతా అంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీరే చేసి చూడండి: కారును చదునైన నేల మీద నిలపండి. టైరు నేలను తాకే చోట టైరు మీద ఒక సుద్దగీత, నేల మీద ఒక సుద్దగీత గీయండి. ఇంకొకరి సాయంతో బండిని నెమ్మదిగా నెట్టండి. టైరు మీది గీత మళ్ళీ నేలను తాకిన చోట రెండో గీత గీయండి. రెండు గీతల మధ్య దూరం కొలవండి. లెక్కలో వచ్చినదానికంటే అది కొంచెం తక్కువ ఉంటుంది. ఎందుకో ఆలోచించండి. బండి బరువుకు టైరు అడుగున కాస్త అణిగి ఉంటుంది కదా!

14.4 మీటరు చెప్పే అబద్ధం

ఈ కారులో వేగం చూపే మీటరుకు రోడ్డు కనబడదు. గేరుపెట్టె నుంచి వచ్చే ఒక తీగ తిరుగుతూ ఉంటుంది. అది ఎన్ని చుట్లు తిరిగిందో దాన్ని బట్టి ముల్లు కదులుతుంది. ఒక్కొక్క చుట్టుకు 12 అంగుళాల రిమ్ముకు తగిన దూరమే పోయిందని మీటరు నమ్మకం. మీరు పదమూడు వేశారన్న సంగతి దానికి ఎవరూ చెప్పలేదు.

కనక ముల్లు 60 దగ్గర ఉన్నప్పుడు మునుపటికంటే నూటికి అయిదు ఎక్కువ వేగంతో పోతుంటారు. అంటే 60 బదులు 63. మూడు కిలోమీటర్లే కదా అనిపించవచ్చు. కాని ఆపవలసి వచ్చినప్పుడు బ్రేకు ఎదుర్కొనే శక్తి వేగానికి కాక వేగపు వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. 1.05 × 1.05 = 1.1025. అంటే నూటికి పది ఎక్కువ. బాలాసోర్ దగ్గర రోడ్డు మీదికి అకస్మాత్తుగా ఆవు వస్తే, ముల్లు చూపని ఆ పదిశాతం అక్కడ లెక్కలోకి వస్తుంది. తయారీదారులు మీటరు ముల్లును సాధారణంగా కాస్త ఎక్కువ చూపేలా పెడతారు. అందువల్ల తేడాలో కొంత అక్కడ కలిసిపోవచ్చు. అయితే ఆ వెసులుబాటు మన పొరపాట్లను మోయడానికి పెట్టింది కాదు.

మైలేజీ విషయంలో ఇంకో తమాషా ఉంది. మీరు నిజంగా 630 కిలోమీటర్లు పోయారు, 35 లీటర్ల పెట్రోలు ఖర్చయింది. నిజమైన మైలేజీ లీటరుకు 18. కాని మీటరు చూపే దూరం 600 మాత్రమే. 600 ÷ 35 = 17.1. "పెద్ద చక్రాలు వేశాక మైలేజీ పడిపోయింది" అని మీరు మెకానిక్కు దగ్గరకు వెళతారు. అతను కార్బురేటరు విప్పుతాడు. తప్పు కార్బురేటరుది కాదు, కొలబద్దది.

రైల్వే పని తెలిసినవారికి ఇది కొత్త కాదు. మన బ్రాడ్‌గేజి ఇంజన్లలో చాలావాటికి కొత్త చక్రం వ్యాసం 1,092 మి.మీ. అరిగి, లేతు మీద మళ్ళీ మళ్ళీ తిప్పి, 1,016 మి.మీ.కు దిగేదాకా వాడతారు. అందుకని ఇంజను వేగమాపకంలో చక్రం వ్యాసాన్ని సరిదిద్దే ఏర్పాటు ఉంటుంది. చక్రం కొలత మారితే మీటరుకు చెప్పి తీరాలి. పాత కారులో చెప్పే దారి లేదు. కనక చక్రం మొత్తం వ్యాసమే మారకుండా చూసుకోవాలి.

14.5 లాగడం, ఆపడం

కవ్వం తాడు పట్టుకుని చిలికిన వారికి తెలుసు, లావు కర్రకు చుట్టిన తాడుకూ సన్న కర్రకు చుట్టిన తాడుకూ తేడా. ఇంజను ఇచ్చే తిప్పుడు బలం అంతే ఉండి చక్రం పెద్దదైతే, నేలను నెట్టే బలం తగ్గుతుంది. ఇక్కడ అన్ని గేర్లలోనూ దాదాపు నూటికి అయిదు. మారుతి 800ది చిన్న ఇంజను. నలుగురు మనుషులు, పైన సామాను, ఎదురుగా రైల్వే పైవంతెన. మునుపు మూడో గేరులో ఎక్కిన వంతెనకు ఇప్పుడు రెండో గేరు వెయ్యాలి. నిలిచిన బండిని కదపడానికి క్లచ్చిని ఎక్కువసేపు నలపాలి. క్లచ్చి ప్లేటు ధర చక్రాల బేరంలో ఎవరూ కలపరు.

బ్రేకుదీ ఇదే కథ. పెద్ద చక్రాన్ని ఆపడానికి పెడలు మరికాస్త గట్టిగా తొక్కాలి.

14.6 ఎత్తు, ఇరుకు

"బండి అంగుళం ఎత్తు పెరుగుతాది" అన్నాడు కుర్రవాడు. నిజంగా ఎంత పెరుగుతుంది? బండి కూర్చునేది ఇరుసు మీద. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో. వ్యాసం అంగుళం పెరిగితే నేలకూ ఇరుసుకూ మధ్య పెరిగేది అందులో సగం. అంటే 12.7 మి.మీ., అరంగుళం. వానాకాలం నీళ్ళకు అరంగుళం ఏ మూలకు?

మిగిలిన అరంగుళం ఎటు పోయింది? పైకి, మడ్‌గార్డులోకి. అంటే ఎక్కడైతే చోటు కావాలో అక్కడ తగ్గింది. పాత కారులో స్ప్రింగులు కుంగి ఉంటాయి, షాకర్లు వదులై ఉంటాయి, రబ్బరు బుష్‌లు నలిగి ఉంటాయి. కంపెనీ ఇచ్చిన ఖాళీ ఇప్పటికే కొంత పోయింది. దుకాణం ముందు ఖాళీ బండిని అటూ ఇటూ తిప్పి "ఎక్కడా తగలట్లేదు" అంటే నమ్మవద్దు. వెనక ముగ్గురిని కూర్చోబెట్టండి. టైరు అంచుల మీద సుద్దపొడి దట్టంగా రాయండి. స్టీరింగును పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పుతూ నెమ్మదిగా నడపండి. గతుకుల మీదుగా కొంతదూరం పోనిచ్చి ఆపండి. మడ్‌గార్డు లోపల, స్ప్రింగు పక్కన, ముఖ్యంగా బ్రేకు రబ్బరు గొట్టం దగ్గర సుద్ద అంటిందేమో టార్చి వేసి చూడండి. గొట్టానికి అంటితే ఆ చక్రాలు అక్కడికక్కడే విప్పించండి. రబ్బరు గొట్టం రాపిడికి తెగితే బ్రేకు ఆయిలు కారిపోతుంది.

రిమ్ము విషయంలో ఇంకో మాట. బోల్టు రంధ్రాలు సరిపోయినంత మాత్రాన రిమ్ము సరిపోయినట్టు కాదు. నాలుగు రంధ్రాల రిమ్ముకు ఎదురెదురు రంధ్రాల మధ్యబిందువుల దూరం కొలిస్తే చాలు, అది పాతదానితో మిల్లీమీటరుకు కలవాలి. మధ్యలోని పెద్ద రంధ్రం హబ్బు మీద బిగుతుగా కూర్చోవాలి. నట్టు ఆనే చోటి వాలు, నట్టు వాలు ఒకటి కావాలి. అల్యూమినియం రిమ్ముకు ఇనుప రిమ్ము నట్లు వెయ్యకూడనిది ఇందుకే. ఇక రిమ్ము హబ్బుకు బిగిసే ముఖం, రిమ్ము వెడల్పులో ఎక్కడ ఉందన్నది చూడాలి. అది మారితే చక్రం బయటకు తోసుకువస్తుంది. నిండు నీళ్ళ బకెట్టును ఒంటికి ఆనించి పట్టుకోండి. తరవాత చెయ్యి చాచి పట్టుకోండి. బకెట్టు బరువు మారలేదు, భుజానికి పడే భారం మారింది. ఆ భుజమే మీ కారులో బేరింగు.

14.7 అంబాసిడర్ ఉన్నవారికి

మీది మారుతి కాక అంబాసిడర్ అయితే? ఇది ఈ రాష్ట్రపు బండే. ఉత్తర్‌పాడాలోని హింద్ మోటార్ కార్ఖానాలో తయారయ్యేది, 2014లో ఆగిపోయింది. దాని పాత టైరు మీద 5.90-15 అని ఉంటుంది. ఇక్కడ రెండు అంకెలూ అంగుళాలే. శాతం అంకె లేదు, 'ఆర్' లేదు. ఇది పాతరకం అడ్డపొరల టైరు. లోపలి దారాల పొరలు నులకమంచం అల్లికలా ఒకదాన్ని ఒకటి ఏటవాలుగా దాటుతాయి. రేడియల్‌లో దారాలు చక్రం మధ్య నుంచి కిరణాల్లా నిలువుగా ఉండి, పైన ఉక్కు పట్టీ ఉంటుంది. మలుపుల్లో ఈ రెండూ వేరువేరుగా ప్రవర్తిస్తాయి. ఒకే ఇరుసుకు ఒకవైపు ఇది, ఒకవైపు అది ఎన్నడూ వెయ్యకూడదు. రెండే రేడియల్‌లు ఉంటే అవి వెనక ఇరుసుకు వెయ్యాలి.

శాతం అంకె లేనప్పుడు వ్యాసం ఎలా తెలుసుకోవాలి? సుద్దగీత పద్ధతి ఉందిగా! అరగని పాత టైరును ఒక చుట్టు దొర్లించి కొలవండి. కొత్తగా వేసే రేడియల్ చుట్టుకొలత దానికి దగ్గరగా ఉండేట్టు ఎంచుకోండి. నూటికి మూడుకు మించి తేడా రాకుండా చూడటం టైర్ల పనివాళ్ళలో ఉన్న వాడుక. అంబాసిడర్‌కు అసలే పదిహేనంగుళాల రిమ్ము. దానికి ఇంకా పెద్దది వేయించాలన్న ఆలోచన ఎందుకు వస్తుందో ఈ పాఠానికి అంతుబట్టదు.

14.8 చట్టం ఏమంటుంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను గట్టిగా సమర్థించింది. ఆచరణలో మీకు కావలసింది ఇది: మీ కారు యజమాని పుస్తకంలో కంపెనీ ఒప్పుకున్న టైరు కొలతలు ఉంటాయి. అందులో ఉన్నది వేస్తే చిక్కు లేదు. లేనిది వేయాలనుకుంటే, ముందుగా రవాణా కార్యాలయంలోనూ బీమా కంపెనీలోనూ అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమాదం జరిగాక బీమా అధికారి చక్రాల వైపు చూస్తాడు, దుకాణం కుర్రవాడు అప్పుడు మీ పక్కన ఉండడు.

సొంత కార్ల రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళకు. ఆ తరవాత బండిని పరీక్ష చేసి, అయిదేళ్ళకొకసారి పొడిగిస్తారు. 2014లో ఆఖరున వచ్చిన 800లకు కూడా 2029లో ఈ పరీక్ష తప్పదు. కార్ల టైరు గాళ్ళ లోతు 1.6 మి.మీ.కు తగ్గకూడదన్న నిబంధన కూడా గుర్తుంచుకోండి.

14.9 దుకాణానికి తిరిగి

ఇక బేరం చూడండి. చవగ్గా వస్తాయన్నది నాలుగు చక్రాలు. అయిదోది? డిక్కీలోని అదనపు చక్రం పన్నెండే ఉండిపోతే, పంక్చరు పడ్డ రోజున ఒక పక్క 597 చుట్లు, ఒక పక్క 627 చుట్లు తిరుగుతాయి. ఆ తేడాను ముందు ఇరుసులోని డిఫరెన్షియల్ దారి పొడుగునా మోయాలి.

కుర్రవాడితో ఇలా అనవచ్చు: "పన్నెండే వెయ్యి బాబూ. కొత్తవి, ఈ సంవత్సరం తయారైనవి చూపించు. మిగిలిన డబ్బుతో ముందు షాకర్లు, బుష్‌లు చూసి, ఎలైన్‌మెంటు, బ్యాలెన్సింగు చేయించు." ఎత్తు తగ్గినట్టనిపించడానికి చాలాసార్లు కారణం కుంగిన స్ప్రింగులే. వాటిని మారిస్తే, పదమూడంగుళాల రిమ్ము ఇచ్చే అరంగుళం కంటే ఎక్కువే తిరిగి రావచ్చు. కొత్త టైర్లు వేసుకున్నాక యాభై, వంద కిలోమీటర్లు తిరిగి నట్లు మరోసారి బిగించుకోండి. చౌరంగీ కూడలి దాటి హైవే ఎక్కే ముందే ఆ పని అయిపోవాలి.

అభ్యాసం

1. ఒక దుకాణంలో 800కు 155/65 ఆర్ 13 టైరు చూపించారు. మొత్తం వ్యాసం ఎంత? 507.8తో పోలిస్తే తేడా శాతం ఎంత?

2. ఇంకొకరు 165/55 ఆర్ 13 చూపించారు. దీని వ్యాసం కూడా కట్టండి. "కొలత కలిసింది" అని వెంటనే ఒప్పుకోవచ్చా?

3. ఇంజను వేగమాపకాన్ని 1,092 మి.మీ. చక్రానికి సరిచేశారు. చక్రం అరిగి 1,016 అయినా ఎవరూ మార్చలేదు. మాపకం 100 చూపితే నిజమైన వేగం ఎంత?

4. మీ ఇంట్లో గాని పక్కింట్లో గాని ఉన్న కారు, స్కూటరు లేదా ఆటో టైరు మీది అంకెలు రాసుకోండి. లెక్కతో ఒకసారి, సుద్దతో ఒకసారి చుట్టుకొలత తీయండి.

జవాబులు

1. 155 × 65 ÷ 100 = 100.75. రెండు పక్కగోడలు 201.5. రిమ్ము 330.2 కలిపితే 531.7 మి.మీ. తేడా 23.9, నూటికి 4.7.

2. పక్కగోడలు 181.5, మొత్తం 511.7 మి.మీ. తేడా నూటికి ఒకటి కూడా లేదు, మీటరు నిజమే చెబుతుంది. కాని టైరు 20 మి.మీ. వెడల్పు పెరిగింది. దానికి తగిన వెడల్పు రిమ్ము కావాలి, సుద్దపొడి పరీక్ష చేయాలి, బరువు అంకె చూడాలి. పక్కగోడ దాదాపు 11 మి.మీ. తగ్గింది గనక గోతిలో పడితే దెబ్బ రిమ్ముకు తగులుతుంది. యజమాని పుస్తకంలో ఈ కొలత ఉందో లేదో కూడా చూడాలి.

3. 100 × 1016 ÷ 1092 = 93. చక్రం చిన్నదైతే మాపకం ఎక్కువ చూపుతుంది, పెద్దదైతే తక్కువ చూపుతుంది.

4. ఈ జవాబు మీ దగ్గరే ఉంది. రెండు కొలతలూ పక్కపక్కన రాసి, వచ్చే సంప్రదింపు తరగతికి తీసుకురండి.